రాక్షసుడి గొంతెత్తిన మా అత్తగారు

నిన్న పొద్దున్న మా పెద్ద మనవడు పెరట్లో మేకతోలు నానబెట్టాడు. నానిన తోలు వాసన ఇంట్లో ఎవరికీ పడదు. కోడళ్ళు ముక్కు మూసుకుని అటువైపు కిటికీ వేసేశారు. నేను మాత్రం పీట జరుపుకుని తొట్టి పక్కనే కూర్చున్నాను. ఆ వాసన తగిలితే నాకు ముక్కు కంటే ముందు చెవులు మేలుకుంటాయి. ఎక్కడో ఒక రాణి కత్తి దూసి, "బయటికి రా" అని ఎవరినో పిలుస్తున్నట్టు వినిపిస్తుంది. ఆ పిలుపు మా అత్తగారు నాగాయమ్మది. ఆమె పోయి చాలా ఏళ్ళయింది. గోదావరి పాయల మధ్య ఉన్న లంక గ్రామాల్లో ఆమె గొంతు వినని ముసలివాళ్ళు తక్కువ, ఆమె ముఖం చూసినవాళ్ళు అంతకంటే తక్కువ. మాది తోలుబొమ్మలాట. తెల్లటి తెర ముందు జనం కూర్చుంటారు, తెర వెనక ఆముదపు దీపాల వెలుగులో మేము బొమ్మల్ని ఆడించి, పాడి, మాట్లాడతాం. జనానికి కనిపించేది బొమ్మ నీడే గాని మేము కాదు. అందుకని ఆమె ఎలాంటి మనిషో నేనైనా చెప్పకపోతే చెప్పేవాళ్ళు ఉండరని ఇది రాస్తున్నాను. నేను అక్షరాలు దిద్దుకున్నది జుట్టు నెరిశాక, ఇదే మనవడి పక్కన కూర్చుని. రాతలో వంకరలుంటే వాడి పంతులుగారిని అనండి, నన్ను అనకండి.

మా నాన్నా పుట్టుకకి బొమ్మలవాడే. ఆట గిట్టుబాటు కాక బొమ్మలు అమ్మేసి అంతర్వేదిలో పడవెక్కాడు. కాబట్టి నేను పెరిగింది చేపల బుట్టల మధ్య. అంతర్వేది తీర్థంలో ఒకసారి బొమ్మలాట చూశాను. ఆ రోజు మేఘవతి రాణి ఏడుస్తుంటే నా పక్కనున్న మా మేనత్త నా భుజం మీద తలపెట్టి వెక్కివెక్కి ఏడ్చింది. ఆ రాణి గొంతు వెనక ఉన్న ఆడమనిషి ఎలా ఉంటుందో అని నాకు ఒకటే ఆరాటం. పొడుగ్గా ఉంటుందనీ, పెద్ద జడ ఉంటుందనీ, నడిస్తే నేల అదురుతుందనీ ఊహించుకున్నాను. తరవాత కొన్నాళ్ళకి అదే మేళం వాళ్ళు నన్ను చూసుకోవడానికి మా ఇంటికి వచ్చారు. పీట మీద ఒక పొట్టి మనిషి కూర్చుంది. ముందు పన్ను ఒకటి లేదు. బుగ్గన పొగాకు. మా అమ్మ మజ్జిగ ఇస్తే తాగి, "ఉప్పు ఎక్కువైందండీ" అంది. ఆ గొంతు మామూలు గొంతే. ఈవిడ రాణిగారి వంటమనిషి కాబోలు అనుకున్నాను.

పెళ్ళయ్యాక నన్ను మొదటిసారి తెర వెనకకి తీసుకెళ్ళిన రోజున గాని నిజం తెలియలేదు. మా కాపురం గంగవరం పక్కన. అక్కడికి దగ్గర ఊళ్ళోనే ఆట. నాకు ఇత్తడి తాళాలు ఇచ్చి ఓ మూల నిలబెట్టారు. అత్తగారు బుగ్గలోని పొగాకు ఉమ్మేసి, నీళ్ళు పుక్కిలించి, చీర కుచ్చెళ్ళు పైకి దోపి, రాణి బొమ్మని తెరకి ఆనించింది. నోరు తెరిచింది. తీర్థంలో విన్న గొంతు! నా ఒళ్ళు ఝల్లుమంది. మొగుడి శవం మీద పడి రాణి శోకాలు పెడుతోంది, అత్తగారి కళ్ళల్లోంచి నిజంగానే నీళ్ళు కారుతున్నాయి. నేను నోరు తెరుచుకుని ఆవిడనే చూస్తున్నాను. శోకానికీ శోకానికీ మధ్య ఊపిరి తీసుకునే సందులో, కళ్ళనీళ్ళతోనే నా వైపు తిరిగి, "తాళం వెయ్యవే చంద్రా, శవంలా నిలబడ్డావేం" అని గొణిగి, మళ్ళీ ఏడుపులోకి వెళ్ళిపోయింది.

ఆమె చేసే వేషాల్లో పెద్దది మేఘవతే. కథ చిన్నదే. శుష్కాసురుడనే రాక్షసుడు మబ్బులన్నిటినీ కొండ గుహలో పెట్టి బండ మూస్తాడు. భూమి ఎండిపోతుంది. మబ్బుల్ని విడిపించడానికి వెళ్ళిన రాజు చచ్చిపోతాడు. ఆ రాజు పెళ్ళాం మేఘవతి ఏడ్చినంతసేపు ఏడ్చి, లేచి, మొగుడి కత్తి పట్టుకుని తనే వెళ్తుంది. తెల్లవారుజాముకి రాక్షసుణ్ణి చంపి బండ దొర్లిస్తుంది. వానలు వెనకబడిన ఏడు ఊరివాళ్ళు మమ్మల్ని పిలిపించి ఈ కథ చెప్పించుకునేవారు. రాక్షసుడు పడగానే ఊరి ఆడవాళ్ళు కడవలతో నీళ్ళు తెచ్చి తెర ముందు నేల తడుపుతారు. అలా చేస్తే వాన పడుతుందని నమ్మకం. కథ మొదలుపెడితే రాక్షసుడు చచ్చేదాకా ఆపకూడదు. అది కూడా పొద్దు పొడవక ముందే అవ్వాలి. పొద్దు పొడిస్తే దీపం వెలుగు చాలదు, తెర మీద బొమ్మ కనబడదు.

ఏడ్చే రాణి ఒక మనిషి, కొట్లాడే రాణి ఇంకో మనిషి. కొట్లాటలో అత్తగారు కాళ్ళ కింద చెక్క పలకని తొక్కుతూ కత్తిదెబ్బల చప్పుడు చేసేది. ఒంటికాలి మీద గెంతేది, ఒగర్చేది, ఒగరుస్తూనే పద్యం ఎత్తేది. ఇవిగాక ఆ కథలోనే గుహ దగ్గర కాపలా ముసలమ్మ ఉంది, దాహంతో ఏడ్చే చంటిపిల్ల ఉంది. అవీ ఆవిడే. చంటిపిల్ల ఏడుపుకి ఊళ్ళో ఎవరో తల్లి ఉలిక్కిపడి తన పిల్లని తడిమి చూసుకోవడం నేను తెర సందులోంచి చూశాను. ఇంతమందిని ఈ మనిషి ఎక్కడ దాచుకుంది? ఇంట్లో సాధన చేయగా నేను ఏనాడూ చూడలేదు. వంట చేస్తూ పాడుకునే అలవాటు కూడా లేదు. అడిగితే, "అడ్డమైనవీ అడక్కు, చింతపండు పిసుకు" అనేది. నేను ఊరుకునే రకం కాదు. మళ్ళీ అడిగేదాన్ని.

ఒకసారి మా పుట్టింటికి ఇద్దరం కలిసి వెళ్ళాం. అంతర్వేది రేవులో ఇద్దరు చేపలమ్మే ఆడవాళ్ళు బుట్ట పెట్టుకునే చోటు కోసం దెబ్బలాడుకుంటున్నారు. మా ఊరివాళ్ళు, వాళ్ళ నోళ్ళు నాకు తెలుసు. సిగ్గేసి అత్తగారి చెయ్యి పట్టుకుని లాగాను.

"ఉండవే. రెండోది ఇంకా మొదలెట్టలేదు" అంది ఆవిడ.

"పోదాం అత్తయ్యా, ఎవరైనా చూస్తే బాగోదండీ."

"చూస్తే చూడనీ. వాళ్ళిద్దర్లో ఎవరు నెగ్గుతారో చెప్పు."

మొదటావిడ ఏడు తరాలనీ తిడుతోంది. ఆవిడే అని చెప్పాను. అత్తగారు తల అడ్డంగా ఊపింది. రెండో ఆవిడ ఒక్క మాట అనకుండా వంగి, తన బుట్టలో చేపల్ని పెద్దవి పైకి చిన్నవి కిందకి సర్దుకుంటోంది. సర్దడం అయ్యాక తలెత్తి, "అయిందా వొదినా?" అంది. అంతే, మొదటావిడ బుట్ట ఎత్తుకుని పక్కకి జరిగిపోయింది. ఆ తరవాత ఆడిన కథలో శుష్కాసురుడు కేకలేస్తుంటే మేఘవతి ఊరుకుంది. ముడి విప్పిన జుట్టుని నెమ్మదిగా ముడేసుకుంది, నడుము బిగించుకుంది. మద్దెల కూడా ఆగింది. అప్పుడు చాలా మెల్లగా, "అయిందా?" అంది. జనం ఒక్కసారి హోరుమన్నారు. నాకు నవ్వాగలేదు. అత్తగారు నా కాలు తొక్కింది.

ఇక ఆ కేకలు వేసే రాక్షసుడు మా మావయ్యగారు. ఇంట్లో ఆయన మాట వినాలంటే చెవి ఒగ్గి కూర్చోవాలి. ఆ ఇంట్లో నేను ఆయన్ని చూసింది ఎక్కువ కాలం కాదు. కాని తెర వెనక ఆయన గొంతు విప్పితే ఊరి కుక్కలు మొరిగేవి. ఆయన రాక్షసుణ్ణి పట్టుకుని, ఆవిడ రాణిని పట్టుకుని, ఒకళ్ళకొకళ్ళు ఎదురుగా నిలబడేవారు. కోనసీమ ఊళ్ళన్నిటా ఆ ఇద్దరూ తెల్లార్లూ కొట్లాడుకుని, పొద్దున్నే ఒకే ఆకు దొన్నెలోంచి అటుకులు తినేవారు. ఒక ఎండాకాలం చివర ఆయనకి జ్వరం వచ్చింది. తగ్గలేదు. అత్తగారు అందరిలా గుండెలు బాదుకుని ఏడవలేదు. తెర మీద అంత ఏడ్చే మనిషికి ఇంట్లో ఏడుపు రాకపోవడం నాకు అర్థం కాలేదు. చుట్టాలు నొసలు ముడిచారు కూడా.

అప్పటికి మా ఆయన ఊళ్ళో లేరు. ధవళేశ్వరం దగ్గర గోదారికి అడ్డంగా ఆనకట్ట కడుతున్న రోజులవి. కూలి బాగా ఇస్తున్నారని మట్టిపనికి వెళ్ళారు. కబురు అంది వచ్చేసరికి అన్నీ అయిపోయాయి. దినవారాలు కాగానే మళ్ళీ వెళ్ళిపోయారు. ఆయనకి ఆట మీద మనసు లేదు. ఇంట్లో మిగిలింది నేనూ, అత్తగారూ, మద్దెల వాయించే మా చినమావయ్య. ఆ ఏడు వానలు ఎగవేశాయి. అప్పనపల్లికి ఎగువన ఒక లంక గ్రామం ఉంది. మా మావయ్యగారి తాతల నాటినించీ ఆ ఊరి ఆట వంతు మాదే. వాళ్ళు పంట కళ్ళంలో మా వాటా కొలిచేవారు, వేరే మేళాన్ని ఊళ్ళోకి రానిచ్చేవారు కాదు. మాకు గట్టిగా మిగిలిన వంతు అదొక్కటే. ఆ ఊరి పెద్ద వీర్రాజుగారు స్వయంగా పడవలో వచ్చారు.

"నాగాయమ్మగారూ, ఇలాంటప్పుడు రావడం బాగోదండి. కాని నారుమళ్ళు ఎండిపోతున్నాయి. కథ చెప్పించాలని ఊరంతా అనుకున్నారండి. మీ వల్ల కాదంటే చెప్పండి, తప్పేం లేదు. మరి ఇంకో మేళాన్ని పిలుచుకోవలసి వస్తుంది. ఒకసారి వాళ్ళని పిలిస్తే వంతు వాళ్ళదైపోద్ది. అది మీకూ తెలుసు."

"ఆయ్, తెలుసండీ" అంది అత్తగారు. "వస్తాం."

వస్తాం సరే, రాక్షసుడెవరు? చినమావయ్య నేనే ఎత్తుతానని ముందుకొచ్చాడు. పాపం మంచి మనిషి. ఆయన వేళ్ళలో ఉన్న బలం గొంతులో లేదు. పెరట్లో నిలబడి శుష్కాసురుడి మొదటి కేక వేస్తే కట్టుగొయ్య దగ్గర మేక బదులు పలికింది. ఆయనే ముందు నవ్వి, తరవాత కళ్ళు తుడుచుకున్నాడు. అప్పుడు అత్తగారు, "నేనే ఎత్తుతాలే, అబ్బాయ్. రాణీ నేనే, వాడూ నేనే" అంది.

చినమావయ్య ముఖంలో నెత్తురు చుక్క లేదు. మా వాళ్ళలో ఒక కట్టు ఉంది. ఆడవాళ్ళు రాక్షసుడి గొంతెత్తకూడదు. ఎత్తితే మళ్ళీ ఆ నోట రాణి పలకదంటారు. ఎప్పుడో ఎవరి గొంతో పోయిందట, పేరూ ఊరూ ఎవరికీ తెలియదు గాని అందరూ నమ్ముతారు.

"వొదినగారూ, వంతు పోతే పోనీండి. మీ గొంతు పోతే మనకేం మిగుల్తాదండీ? రాణిని పలికించేవాళ్ళు ఈ జిల్లాలో ఇంకోరు లేరు."

"వంతు పోతే రాణిని పలికించడానికి ఊరేదీ?" అంది ఆవిడ. "ఊరు లేనిదానికి గొంతెందుకయ్యా?"

"మరి... మీరిప్పుడు ఈ స్థితిలో..." అని ఆయన ఆవిడ బోసి నుదుటి వైపు చూసి ఆగిపోయాడు.

"తెర వెనక ముత్తైదువా లేదు, ముండమోపీ లేదు. బొమ్మకి బొట్టుంది, చాలు."

నాకు భయం వేసింది. దానికంటే ఎక్కువగా ఆరాటం పుట్టింది, దాచుకోవడమెందుకు. ఒకే గొంతులోంచి ఇద్దరూ వచ్చి కొట్లాడుకుంటే ఎలా ఉంటుందో వినాలనిపించింది. పడవలో వెళ్తున్నంతసేపూ ఆవిడ ఒక్కసారైనా గొంతు సవరించుకుంటుందేమోనని చూశాను. ఆవిడ పొగాకు నములుతూ ఒడ్డున కొబ్బరిచెట్లని చూస్తూ కూర్చుంది.

ఆ ఊళ్ళో తెర కట్టాక రాక్షసుడి బొమ్మని నా చేతికిచ్చింది. అది దాదాపు నా ఎత్తు. "ఆడించడం నువ్వు, పలకడం నేను. ఆయన నిలబడే చోట నిలబడు" అంది. నేను వెళ్ళి మావయ్యగారి చోట నిలబడ్డాను. పలక మీద ఆయన మడమ తొక్కీ తొక్కీ అరిగిన గుంట ఉంది. నా కాలు అందులో పట్టింది. శోకాలు అయ్యాయి, ముసలమ్మ అయింది, చంటిపిల్ల అయింది. రాక్షసుడు రావలసిన చోట చినమావయ్య మద్దెల మీద చేతులు ఆపి కళ్ళు మూసుకున్నాడు. అత్తగారు నోరు తెరిచింది.

మావయ్యగారి గొంతు వచ్చింది. ఆయన గొంతులాంటి గొంతు అనడం లేదు, ఆయన గొంతే. ఆ బొంగురు, మాట చివర ఆ విరుపు, కేకకి ముందు ముక్కుతో తీసే ఆ ఊపిరి, అన్నీ ఆయనవే. జనంలో ఎవరో, "పెద్దాయన పోయేడన్నారే!" అన్నారు. చినమావయ్య కళ్ళు తెరవకుండానే మద్దెల అందుకున్నాడు, చెంపల మీద నీళ్ళు కారుతున్నా తాళం తప్పలేదు. ఆ తరవాత ఆయన ఒక పక్కా ఆవిడ ఒక పక్కా నిలబడి కొట్లాడుకున్నట్టే సాగింది. రాక్షసుడు తిడితే రాణి నవ్వింది. రాణి పొడిస్తే రాక్షసుడు మూలిగాడు. అన్నీ ఆ పొట్టి మనిషి నోట్లోంచే. నేను ఎన్నోసార్లు విన్న కథ, ఏమవుతుందో తెలియనిదానిలా విన్నాను.

తెల్లవారుజామయింది. రాక్షసుడు మోకాళ్ళ మీద పడ్డాడు. ఇక రాణి ఒక్క పద్యం చెప్పి కత్తి దింపాలి. అత్తగారు రాణి చెయ్యి పైకెత్తింది. ఎత్తిన చెయ్యి అక్కడే ఉంది. పద్యం రాలేదు.

చినమావయ్య మద్దెల మీద ఒక చుట్టు తిప్పి ఇచ్చాడు. రాలేదు. మళ్ళీ తిప్పాడు. ఆవిడ నా చేతిలోని బొమ్మనే చూస్తోంది. పెదవులు కదులుతున్నాయి, గొంతు లేదు. అయిపోయింది, కట్టు తప్పినందుకు రాణి పోయింది అనుకున్నాను. చినమావయ్య కూడా అదే అనుకున్నాడని ఆయన ముఖం చెప్పింది. తెరకి అటుపక్క జనం కదులుతున్నారు. వీర్రాజుగారి దగ్గు వినిపించింది. తూర్పున ఆకాశం తెల్లబడింది, తెర మీద నీడలు అప్పుడే పలచబడుతున్నాయి. ఇంకాస్త ఆగితే రాక్షసుడు చావకుండానే మాయమైపోతాడు. కథ ఆగిపోయినట్టే. వంతూ పోయినట్టే.

"అత్తయ్యా, తెల్లారిపోతోందండీ" అన్నాను.

ఆవిడ నా వైపు చూసింది. అప్పుడు నాకు తెలిసింది, ఆవిడకి గొంతు పోలేదు. కొట్టబుద్ధి కావడం లేదు. కత్తి దింపితే ఆ గొంతు ఆగిపోతుంది. దినవారాల్లో రాని ఏడుపు అక్కడ, అంతమంది జనానికీ మాకూ మధ్య ఒక్క గుడ్డే అడ్డంగా ఉండగా, ఆవిడ ముఖంలోకి వచ్చింది. నాకూ దుఃఖం ఆగలేదు. బొమ్మ పక్కన పడేసి ఆవిడని పట్టుకుందామనిపించింది.

అంతలో రాక్షసుడు మాట్లాడాడు. కేక కాదు. ఇంట్లో మాట్లాడే గొంతుతో, మెల్లగా, కాని చివరి వరసదాకా వినిపించేటట్టు అన్నాడు.

"ఇంకా చూస్తావేవిటే నాగూ? ఎత్తిన చెయ్యి నొప్పెడతాది. కొట్టెయ్."

ఆవిడ చెయ్యి దిగింది. నేను బొమ్మని పడేశాను. మద్దెల మోగింది, జనం లేచారు, ఆడవాళ్ళు కడవలెత్తి నీళ్ళు కుమ్మరించారు. ఆ తరవాత రాణి చెప్పవలసిన పద్యం చెప్పిందో లేదో ఆ గోలలో ఎవరూ పట్టించుకోలేదు. ఎర్రటి పొద్దు తెరకి అవతలినించే వచ్చి మా అందరి ముఖాల మీద పడింది.

వాన పడిందా అని మీరు అడుగుతారు. ఆ రోజు పడలేదు. కొన్నాళ్ళ తరవాత పడింది. మా కథకే పడిందని ఊరు అంది, మేము కాదనలేదు. వంతు మాకే ఉంది. తిరుగు పడవలో చినమావయ్య ఉండబట్టలేక, "వొదినగారూ, ఒక్కసారి రాణిని పలికించి చూపెట్టండి" అన్నాడు. ఆవిడ తల తిప్పకుండానే "ఎవడురా అక్కడ!" అంది మేఘవతి గొంతుతో. పడవవాడు ఉలిక్కిపడి గెడ నీళ్ళలో వదిలేశాడు. దాన్ని పట్టుకునేసరికి మేము పాయలో సగం దూరం కిందకి కొట్టుకుపోయాం. ఎన్నాళ్ళకో చినమావయ్య పగలబడి నవ్వాడు.

నేను మాత్రం నా ప్రశ్న వదల్లేదు. "ఆ చివర మాట ముందే అనుకున్నారా అత్తయ్యా?" అన్నాను.

"లేదే."

"మరి ఎలా వచ్చిందండీ?"

ఆవిడ నీళ్ళలో చెయ్యి పెట్టి ఆడించింది. "పెళ్ళైన కాడ్నించీ ఆయనకెదురుగా నిలబడ్డాను. నా పాట నేనెప్పుడు విన్నానే? నేను విన్నదంతా ఆయన్నే. ఎక్కడ ఊపిరి తీస్తారో, ఎక్కడ అలిసిపోతారో వింటేనే గదా నా మాట కుదిరేది. నేనాగిపోతే ఆయనేవంటారో నాకు తెలీదా?" అంది. అనేసి కొంగు ముఖం మీదికి లాక్కుంది. ఆ ఏడుపు మేఘవతి ఏడుపులా లేదు, రాగం లేదు, వినసొంపుగా లేదు. నేను పక్కకి జరిగి ఆవిడ వీపు మీద చెయ్యి వేసి కూర్చున్నాను.

సాధన ఎక్కడ చేస్తుందా అని నేను ఇన్నాళ్ళూ వెతికింది తప్పుడు చోట. ఆవిడ సాధనంతా నోరు మూసుకుని చేసేది. రేవులో, అంగట్లో, పడవలో, ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే. మరుసటి ఏడు ఆ ఊళ్ళో కథ చెప్పినప్పుడు రాక్షసుడి చివరి మాట వదిలేశాం. జనం ఊరుకోలేదు. "'కొట్టెయ్ నాగూ' ఏదండీ? అది చెప్పకపోతే వానెలా పడతాది?" అని గోల పెట్టారు. నాగు ఎవరో వాళ్ళకి తెలియదు. రాణి ముద్దుపేరు అనుకున్నారు. అప్పటినించీ అది కథలో మాటే అయిపోయింది.

ఆనకట్ట పూర్తయి మా ఆయన తిరిగి వచ్చారు. "కాలవలు మన లంకల దాకా వస్తాయటే అమ్మా. ఇంక వాన కథ ఎవరికి కావాలి?" అన్నారు. అత్తగారు, "మంచిదేరా. ఇంక మీదట కథ కోసమే కథ వింటారు" అంది. అన్నంత సులువుగా జరగలేదు గాని, ఆటలు మానలేదు. రాక్షసుడి గొంతు మాత్రం ఆవిడ నాకు అప్పగించింది. నాకు అంత గొంతు లేదండీ అంటే, "నీకు ప్రశ్నలు జాస్తి. ప్రశ్న అడిగినదానికి వినడం రాకపోతుందా?" అంది. మొదట్లో నా కేక నేనే విని మురిసిపోయేదాన్ని. "నిన్ను నువ్వు వినకు, నన్ను విను" అని నా కాలు తొక్కేది. తొక్కించుకుని తొక్కించుకుని మావయ్యగారి గొంతు నాకు పట్టుబడింది. పట్టుబడిందని నేను అనుకున్నాను. చివర్లో "కొట్టెయ్ నాగూ" అన్నప్పుడల్లా ఆవిడ కత్తి దింపే ముందు కొంచెం ఆగేది. నేను తొందరపెట్టేదాన్ని కాదు.

ఆవిడ మంచాన పడ్డాక అన్నం మానేసింది. గంజి పట్టినా నోరు మూసుకునేది. కొడుకు బతిమాలాడు, మనవలు ఏడ్చారు, నేను తిట్టాను. మొండి మనిషి, గోడ వైపు తిరిగి పడుకునేది. ఇక దక్కడం కష్టమని ఇంట్లో అందరికీ తెలిసిపోయింది. ఒక మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు. గిన్నె పట్టుకుని మంచం పక్కన కూర్చున్నాను. ఏం చెయ్యాలో తోచలేదు. ఆవిడ ఎవరి మాట వింటుందో మాత్రం తెలుసు. ఆయన గొంతులో నాకు వచ్చినవన్నీ చంపుతా నరుకుతా అన్న మాటలే. అవి ఆవిడతో ఎలా అంటాను? ఆయనే ఇక్కడ కూర్చుంటే ఏమంటారా అని ఆలోచించాను. ముక్కుతో ఊపిరి తీసుకుని, మెల్లగా అన్నాను.

"నాగూ, అన్నం తిన్నావా?"

ఆవిడ వీపు కదిలింది. గోడ వైపునించే జవాబు వచ్చింది. "మీరు తినకుండా నేనెప్పుడు తిన్నానండీ?"

అక్కడ నేను ఏడిస్తే ఆయన పోతారు. మళ్ళీ ముక్కుతో ఊపిరి తీసుకుని, "అయితే లే. ఇద్దరం కలిసే తిందాం" అన్నాను.

ఆవిడ మెల్లగా ఇటు తిరిగింది. కళ్ళు తడిగా ఉన్నాయి, కాని చూపు తేటగా ఉంది. నన్నే చూస్తోంది, ఎవరినో అనుకుని కాదు.

"'తిందాం' అన్నకాడ సాగదీసేవే" అంది. "మీ మావయ్య సాగదీసేవోరు కాదు. టక్కున అనేసి అటు తిరిగిపోయేవోరు."

అని, గిన్నె కోసం చెయ్యి చాపింది. ఆ పూట గంజి అంతా తాగింది, మర్నాడూ తాగింది. ఇంకొన్నాళ్ళు మాతో ఉంది.

మావయ్యగారి ఆ ఇంటి గొంతుని ఆయన నోటే విన్నవాళ్ళు ఇప్పుడు నేను తప్ప ఎవరూ లేరు. ఆట లేని రోజుల్లో, ఇంట్లో అందరూ పనుల్లో ఉన్నప్పుడు, చేతిలో బొమ్మ లేకుండానే ఆ మాట అని చూసుకుంటాను. ఇద్దరం కలిసే తిందాం. ఇంకా కాస్త సాగుతూనే ఉంది.